ఫిరంగి కొట్టిన గోలు

పోయిన వారం మనం కథ ఆపిన చోట ఆమె చేతిలో టీ ట్రే ఉంది, నోరు జారిన మాట గది మధ్యలో ఉంది. ట్రేని బల్ల మీద పెట్టేయగలిగింది కానీ, ఆ మాటని ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పుకుందాం. ఆమె పోస్టాఫీసు కౌంటర్లో పార్సిళ్లు తూచే ఉద్యోగి. భర్త వాచీలు బాగుచేస్తాడు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు పిల్లల ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తూ, అదే ఆసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక నిలబడే కుర్రాడికి మనసిచ్చింది. ఆ కుర్రాడు ఈ ఆదివారం మధ్యాహ్నం అమ్మానాన్నల్ని వెంటబెట్టుకుని మాటలు ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. అంతా నల్లేరు మీద బండిలా సాగిపోతుండగా, కుర్రాడి తండ్రి కాస్త చనువు దొరకగానే తన చిన్నప్పటి పెనాల్టీ కథ ఎత్తుకున్నాడు. ఆయనకి టైర్ల షాపు ఉంది. నిండైన మనిషి, నిండైన గొంతు. వీధి ఫైనలు, ఆఖరి తన్ను, గోలైనా గోలు కాదన్న అన్యాయం, అన్నీ వరసగా వచ్చాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి వస్తున్న పోస్టాఫీసావిడ, ఎవరూ అడక్కుండానే, "అది గోలు కాదు," అనేసింది.

"ఏమన్నారు చెల్లెమ్మా?" అన్నాడు టైర్లాయన. గొంతులో ఇంకా మర్యాద ఉంది.

ఇక్కడ ఆమె, "ఏం లేదన్నయ్యగారూ, టీలో చక్కెర సరిపోయిందా అన్నాను," అని ఉంటే ఈ సంబంధం ఆ పూటే ఖాయమైపోయేది. ఆమెకీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా నాలుక వినలేదు.

"బంతి చెప్పుకి అవతల నుంచి పోయింది. ఎర్రచెప్పుకి. రెండు వేళ్ల దూరం," అంది.

టైర్లాయన కప్పు కింద పెట్టాడు. "ఎర్రచెప్పు సంగతి నేను చెప్పలేదే!"

ఆయన కుర్చీలోంచి ముందుకి వంగి ఆమెని కింద నుంచి పైకి కాకుండా, పైనుంచి కిందికి కాకుండా, నేరుగా ఆమె పాదాల వంక చూశాడు. చూపు అక్కడే ఆగిపోయింది.

"నిక్కరు... గోధుమరంగు నిక్కరు వేసుకుని..."

"మా అన్నయ్యది."

"నున్నగా క్రాపు..."

"పేలు పడ్డాయని మా అమ్మ కత్తిరించింది."

"బుల్లిబల్లీ!" అని అరిచాడాయన. గోడ మీద ఉన్న నాలుగు గడియారాలూ ఒక్క క్షణం టిక్కుమనడం మానేశాయా అనిపించింది.

ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆమెని ఎవరూ అలా పిలవలేదు. వాచీలాయన నుదుటి మీదికి తోసుకున్న భూతద్దాన్ని మరికాస్త పైకి తోసి భార్య వంక చూశాడు. ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆవిడకి పోస్టాఫీసు ఉద్యోగానికి ముందు మరో ఉద్యోగం ఉందని ఆయనకి తెలియదు.

"అదేంటండీ, బుల్లిబల్లికి మీసాలన్నారుగా?" అంది కుర్రాడి తల్లి.

టైర్లాయన దగ్గాడు.

"మీసాలూ, మెడ మీద కత్తిగాటూ ఉన్నాయన్నారు. చూస్తేనే పిల్లలు దడుచుకునేవాళ్లన్నారు. మన పెళ్లైన మర్నాడు మొదటిసారి చెప్పినప్పుడైతే మీకంటే మూరెడు పొడుగన్నారు!"

"నువ్వు కాసేపు ఊరుకుంటావా?"

"ఊరుకోక ఏం చేస్తాను, పాతికేళ్లుగా అదే చేస్తున్నాను," అంటూ ఆవిడ బిస్కెట్టు తీసుకుని సర్దుకు కూర్చుంది. ఆవిడకి ఈ మధ్యాహ్నం బాగా నచ్చడం మొదలైంది.

ఈ గొడవ అర్థం కావాలంటే మనం ఒక గోడ దగ్గరికి వెళ్లాలి.

వాళ్లు పెరిగిన వీధి చివర ఆటల మైదానం ఉండేది. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్లే స్తోమత ఆ వీధిలో ఎవరికీ లేదు. అయితే గోడకి అడుగున రెండు ఇటుకలు ఊడిన కంత ఒకటి ఉండేది. ఇద్దరు పిల్లలు బోర్లా పడుకుంటే రెండు జతల కళ్లు పట్టేవి. జత తర్వాత జత, వంద లెక్కపెట్టేదాకా ఒక్కొక్కరి వంతు. చిక్కల్లా ఏమిటంటే ఆ కంతలోంచి చూస్తే ఆటగాళ్లు నడుం వరకే కనబడేవాళ్లు. పై భాగం ఎలా ఉంటుందో దేవుడికెరుక. మైకులో పేర్లు వినబడేవి, కంతలో కాళ్లు కనబడేవి. ఆ రెంటినీ కలుపుకోవడం పిల్లల పని.

అలా వాళ్లకి ఇద్దరు మహానుభావులు పరిచయమయ్యారు. ఒకరు సెంటర్ ఫార్వర్డ్. ఆయన బంతిని తంతే గోడ అవతల కూడా చప్పుడు వినబడేది కాబట్టి జనం ఆయన్ని ఫిరంగి అనేవారు. రెండోవాడు గోల్‌కీపరు. గోలు స్తంభానికి అతుక్కుపోయినట్టు ఎగిరేవాడని ఆయన్ని బల్లి అనేవారు. దారిలో ఎదురైతే వాళ్లని ఆ పిల్లల్లో ఒక్కరూ గుర్తుపట్టేవాళ్లు కారు, వాళ్లు నిక్కర్లలో ఉంటే తప్ప.

ఆ కాళ్ల నడకలు మాత్రం వాళ్లకి కొట్టిన పిండి. పెనాల్టీ కొట్టేముందు ఫిరంగి బంతికి వీపు తిప్పి ఏడడుగులు వేసేవాడు, కొంచెం కుంటుతూ. కుడికాలి మేజోడు కిందికి లాగేవాడు, ఎడమ బూటుని పిక్కకి రుద్దేవాడు, అప్పుడు తిరిగేవాడు. బల్లి కూడా ఊరికే నిలబడేవాడు కాదు. కుడి స్తంభం దగ్గరికి వెళ్లి కాలి బొటనవేలితో టక్కుమనిపించి, ఎడమ స్తంభం దగ్గరికి వెళ్లి మళ్లీ టక్కుమనిపించి, మధ్యలోకొచ్చి మోకాళ్లు ఒకదానికొకటి తగిలేలా రెండు గెంతులు గెంతేవాడు. వీధిలో పిల్లలు నడుం కింద వాళ్లని అచ్చు దించేసేవాళ్లు, నడుం పైన ఎవరి కల్పన వాళ్లది. ఒకడు ఫిరంగికి నోట్లో ఈల పెట్టాడు. ఇంకొకడు కళ్లు మూసుకుని తన్నేవాడు, ఎందుకురా అంటే "ఆయన మూసుకోడని నువ్వు చూశావా?" అనేవాడు.

ఒక పేరుకి ఒక్కరే హక్కుదారు. ఏడాదికోసారి పైవీధికీ కిందివీధికీ ఫైనలు. గెలిచిన జట్టులో ఉన్నది ఫిరంగైనా, బల్లైనా, ఆ పేరు ఏడంతా నిలుస్తుంది. ఓడినవాళ్ల పేర్లు పోతాయి, అంకెలే మిగులుతాయి.

ఆ ఏడు ఫిరంగి పదమూడేళ్లవాడు, ఇప్పటి టైర్లాయన. కిందివీధి గోల్‌కీపరు పదకొండేళ్ల పిల్ల, బుల్లిబల్లి. ఇంట్లో ఆమె నాలుగో సంతానం. నిక్కరు అన్నయ్యది, పలక పెద్దక్కది, జ్వరం కూడా చిన్నక్క నుంచి దిగి వచ్చేది. ఆ ఇంట్లో ఆమెకంటూ కొత్తగా వచ్చింది ఆ పేరొక్కటే.

ఆఖరి తన్నుకి ఫిరంగి వచ్చాడు. గోలుకి స్తంభాలు రెండు చెప్పులు. బంతి ఎర్రచెప్పు పక్క నుంచి దూసుకుపోయింది. గీత దగ్గర నిలబడ్డ పిల్లవాడు గోలు కాదన్నాడు. ఫిరంగి ఆ సాయంత్రం నుంచి ఏడాది పాటు 'నాలుగో నంబరు' అయ్యాడు. మరుసటి ఏడాదికి మైదానం పడగొట్టారు, బుల్లిబల్లి కుటుంబం వేరే పేటకి మారిపోయింది, మళ్లీ ఫైనలు జరగనే లేదు. అంటే టైర్లాయన ఇప్పటికీ నాలుగో నంబరే.

ఇప్పుడు చెప్పండి, ఆయనకి కోపం రాదా?

"గోలే అది!" ఆయన లేచి నిలబడ్డాడు. "నేను గురి చూసిన చోటికే పోయింది. నా కాలికి తెలుసు!"

"మీ కాలు చెప్పే సాక్ష్యం చెల్లదు అన్నయ్యగారూ. గీత దగ్గరున్న మనిషి కాదన్నాడు," అంది ఆమె. అంటూనే లోపల ఏదో చిన్న ముల్లు గుచ్చుకుంది. ఆ ముల్లు ఎక్కడుందో ఆమెకి బాగా తెలుసు. దాన్ని ముప్ఫై ఎనిమిదేళ్లుగా తడిమి చూడటం లేదు, అంతే.

"అంటే నేను అబద్ధాలకోరునా?"

"అమ్మా," అంది కూతురు పళ్ల సందుల్లోంచి. "గోలు ఇచ్చెయ్. నీ సొమ్మేం పోయింది?"

"నాన్నా, వదిలెయ్. ఎప్పటిదో సంగతి," అన్నాడు కుర్రాడు.

"ఎప్పటిదో కాదురా! నాకు నిన్ననే జరిగినట్టుంది!"

అప్పుడు వాచీలాయన లేచాడు. ఆయన మామూలుగా లేవడు. లేచినా మాట్లాడడు. ఒక సెకను ముల్లుని ఒడిసిపట్టడానికి గంట సేపు ఊపిరి బిగపట్టే మనిషి.

"బావగారూ," అన్నాడు. "మా ఆవిడ ఇరవై ఆరేళ్లుగా పార్సిళ్లు తూస్తోంది. మా సొంత అత్తగారి పార్సిల్ ఐదు గ్రాములు ఎక్కువుందని అదనపు స్టాంపు అంటించమంది. ఇంట్లో నేను షర్టు బాగుందా అని అడిగితే బాగాలేదని చెప్పే మనిషి. ఆవిడ అబద్ధమాడదు. ఆవిడ గోలు కాదందంటే, అది గోలు కాదు. దాని మీద నేను నా షాపు రాసిచ్చేస్తాను."

ఆయన ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం కూతురు పుట్టాక అదే మొదటిసారి. ఆమె గుండె ఉప్పొంగాల్సింది. ఉప్పొంగలేదు, లోపలి ముల్లు ఇంకాస్త దిగింది.

టైర్లాయన ముఖం కందగడ్డయింది. "సరే బావగారూ, మీ ఆవిడ మాట మీకెంతో, నా మాట నాకంత. ఇప్పుడే తేలిపోవాలి. తేలకపోతే..." అని ఆగాడు. ఆగిన చోట కుర్రాడూ అమ్మాయీ ఇద్దరూ కళ్లు మూసుకున్నారు.

"ఎలా తేలుస్తారు?" అంది కుర్రాడి తల్లి ఆసక్తిగా.

"మళ్లీ కొట్టి."

రెండు నిమిషాల్లో గది స్వరూపం మారిపోయింది. బల్ల గోడకి చేరింది. గుమ్మం దగ్గర విప్పిన చెప్పుల్లోంచి వాచీలాయనదొకటీ, కుర్రాడిదొకటీ వచ్చి రెండున్నర బారల దూరంలో స్తంభాలై నిలిచాయి. బంతి లేదు. అమ్మాయి స్వెట్టరు అల్లుకుంటున్న ఉన్ని ఉండ దొరికింది. కుర్రాడి తల్లి తన కుర్చీని మంచి చోటుకి జరుపుకుంది.

"ఆ రోజెలా నిలబడ్డారో అలాగే నిలబడాలి," అన్నాడు టైర్లాయన. "నేనూ ఆ రోజెలా నడిచానో అలాగే నడుస్తాను. ఒక్క వెంట్రుకవాసి తేడా రాకూడదు."

"రాదు," అంది ఆమె. చీర కొంగు నడుములో దోపుకుంది. ఒంటి బరువు రెండు కాళ్ల మీదికి సమంగా తెచ్చుకుంది. నలభై తొమ్మిదేళ్ల మోకాళ్లు ముందు కటకటమన్నాయి, తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఊరుకున్నాయి.

టైర్లాయన ఉన్ని ఉండని నేల మీద పెట్టి, వీపు తిప్పి, కుంటుతూ నడిచాడు. ఒకటి, రెండు, మూడు. ఐదో అడుగుకి గోడ వచ్చేసింది. మిగతా రెండడుగులూ అక్కడే నిలబడి వేశాడు. మేజోడు లేదు కాబట్టి ప్యాంటు అంచు కిందికి లాగాడు. బూటు లేదు కాబట్టి ఉత్త పాదాన్నే పిక్కకి రుద్దాడు. పెళ్లీడుకొచ్చిన కొడుకున్న మనిషి అంత శ్రద్ధగా పిక్క రుద్దుకోవడం చూసి అమ్మాయికి నవ్వాగలేదు.

ఇటు ఆమె కూడా కదిలింది. ఆలోచించి కదలలేదు. ఒళ్లు తనంతట తానే కదిలింది. కుడి చెప్పు దగ్గరికి వెళ్లి బొటనవేలితో టక్. ఎడమ చెప్పు దగ్గరికి వెళ్లి బొటనవేలితో టక్. మధ్యలోకొచ్చి రెండు గెంతులు. గోడ మీద గడియారాలు కూడా ఎగిరాయి.

టైర్లాయన తిరిగాడు. ఊపిరి పీల్చాడు. పరుగందుకోబోయాడు.

"ఆగండి," అన్నాడు వాచీలాయన.

అందరూ ఆయన వంక చూశారు. ఆయన భూతద్దం కంటి మీద ఉంది. అది ఎప్పుడు కిందికి దిగిందో ఎవరూ గమనించలేదు. ఆయన ఎడమ చెప్పు వంక చూస్తున్నాడు. అది ఇందాకటి చోట లేదు. నేల మీద పలక గీతకి ఆనుకుని ఉండాల్సింది, నాలుగు వేళ్లు లోపలికి వచ్చి కూర్చుంది.

"ఏమైంది బావగారూ?"

వాచీలాయన చెప్పు నుంచి కళ్లెత్తి భార్య పాదం వంక, అక్కడి నుంచి ఆమె ముఖం వంక చూశాడు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఆయన భూతద్దం తీసి చొక్కా కొసతో తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"ఏం లేదు," అన్నాడు చివరికి. "నాకేం కనబడలేదు. కానివ్వండి."

వాచీ పొట్టలో నలుసుని పట్టుకునే కళ్లు ఆయనవి. ఆ కళ్లకి నాలుగు వేళ్ల దూరం కనబడలేదట! ఆయనకి అబద్ధమాడటం చేతకాదు. ఒక్క మాటకే చెవులు ఎర్రబడ్డాయి. ఆమె కోసం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు. ఆమెకి అది భరించరాని సంగతైపోయింది.

"ఆయనకి కనబడింది," అంది.

"ఏం కనబడింది?"

"చెప్పు జరిగింది. నేనే జరిపాను. ఇప్పుడు కావాలని చెయ్యలేదు, కాలికి అలవాటైపోయింది." వంగి చెప్పుని మళ్లీ గీత దగ్గరికి జరిపింది. "అప్పుడు మాత్రం కావాలనే చేశాను అన్నయ్యగారూ. మీరు వీపు తిప్పి ఏడడుగులు వేస్తున్నప్పుడు. బల్లి స్తంభాన్ని తట్టినట్టు తడుతూనే వేలితో లోపలికి లాగేశాను. ఆయన తడితే స్తంభం కదలదు. నేను తడితే చెప్పు కదిలింది. మొదటిసారి పొరపాటునే కదిలింది. ఆ తర్వాత... పొరపాటు కాదు."

వాచీలాయన జేబులోంచి ఒక స్క్రూ జారి పడింది, అది దొర్లిన చప్పుడు అందరికీ వినబడింది.

"అంటే?" అన్నాడు టైర్లాయన మెల్లగా.

"గోలే. మీరు కొట్టింది గోలే. నేను గోలు ఒప్పుకుంటే నా పేరు పోయేది. పోతే మళ్లీ నేను ఫలానావాళ్ల నాలుగో పిల్లని అయిపోయేదాన్ని. అందుకని..." ఆమె భర్త వంక తిరిగింది. "మీరు షాపు పోగొట్టుకున్నారు. ఏమనుకోకండి."

"షాపు సంగతి తర్వాత చూద్దాం," అన్నాడాయన. ఆయన చెవుల్లో ఎరుపు దిగిపోయింది. ఎందుకో ఆయన ముఖంలో చిన్న నవ్వు కూడా ఉంది. ఇరవై ఏడేళ్ల తర్వాత భార్యలో ఒక తప్పు దొరికితే ఎంతటి భర్తకైనా కాస్త ఊరటగా ఉంటుంది.

"అమ్మా! నేను మూడో క్లాసులో రబ్బరు దొంగిలించానని నన్ను వీధంతా తిప్పి తిరిగి ఇప్పించావు!" అంది కూతురు.

"అందుకే ఇప్పించాను," అంది ఆమె.

ఇక టైర్లాయన గంతులేస్తాడనుకున్నారందరూ. కుర్రాడు తండ్రిని పట్టుకోవడానికి సిద్ధంగా నిలబడ్డాడు కూడా. ఆయన గంతులు వెయ్యలేదు. ఉన్ని ఉండని చేతిలోకి తీసుకుని, వెనక్కి నడిచి, దొరికిన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏమండీ, గెలిచారు కదా? నాలుగో నంబరు కాదు మీరింక," అంది భార్య.

"వాడు తప్పు చెప్పలేదు," అన్నాడాయన. "బంతి నిజంగానే చెప్పుకి అవతల నుంచి పోయింది. వాడు చూసింది వాడు చెప్పాడు."

"ఎవడు?"

"తమ్ముడు."

కుర్రాడి తల్లి చేతిలో బిస్కెట్టు ఆగిపోయింది. టైర్లాయన ఇంట్లో ఆ మాట పలకకూడదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే పేట. టైర్ల షాపుకి రెండు సందుల దూరంలో తమ్ముడికి అద్దాల షాపుంది. ఎదురుపడితే ఒకరు రోడ్డు దాటతారు. పెళ్లికి పిలిస్తే ఒకరు భోజనం ముందు వస్తారు, ఇంకొకరు భోజనం తర్వాత వస్తారు.

"మీ ఇద్దరికీ మాటల్లేనిది ఇంటి గోడ కోసమన్నారుగా!"

"గోడ కాదే," అన్నాడాయన నేల చూపులు చూస్తూ. "గోలు."

కుర్రాడి తల్లి చేతిలో బిస్కెట్టుని తిరిగి ప్లేటులో పెట్టేసింది. పాతికేళ్ల కాపురంలో ఆవిడ బిస్కెట్టు సగంలో వదిలేసిన సందర్భం అదొక్కటే.

ఆయనే చెప్పుకొచ్చాడు. తమ్ముడు అందరికంటే చిన్నవాడు. ఎవరూ వాడికి ఆటగాడి పేరు ఇవ్వలేదు. కంతలోంచి చూసి చూసి వాడు ఎవరికీ అక్కర్లేని కాళ్లని పట్టుకున్నాడు, లైన్స్‌మన్ కాళ్లని. గీత వెంట పక్కపక్కకి పరుగెత్తే కాళ్లు. పుల్లకి చేతిరుమాలు కట్టుకుని వీధి గీత వెంట పక్కకి పరుగులు తీసేవాడు. స్కూలుకి కూడా పక్కకే నడిచేవాడు. అందరూ వాణ్ణి జెండా అనేవాళ్లు. జెండా అబద్ధమాడడు. ఆ రోజు సొంత అన్న కొట్టిన బంతికి జెండా ఊపి గోలు కాదన్నాడు. సొంత అన్నకే కాదన్నాడంటే నిజమే అయ్యుంటుందని వీధి మొత్తం నమ్మింది.

"నేను ఇంటికెళ్లి వాడి జెండా విరిచేశాను," అన్నాడు టైర్లాయన. "నువ్వు నా తమ్ముడివే కాదన్నాను. పదమూడేళ్లప్పుడు అన్నమాట. తర్వాత వెనక్కి తీసుకుందామనే అనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటూనే మీసాలు నెరిసిపోయాయి." తల ఎత్తాడు. "చెల్లెమ్మా, చెప్పులేసుకోండి."

"ఎక్కడికి?"

"వాడి దగ్గరికి. నా మాట వాడు నమ్మడు. మీరొచ్చి చెప్పాలి. వాడు రాకుండా నా కొడుకు పెళ్లి మాట నేను ఎత్తను."

కుర్రాడూ అమ్మాయీ ఒకరి వంక ఒకరు చూసుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు తల వంచి, గోలు స్తంభాలుగా ఉన్న చెప్పుల్ని తీసి ఎవరివి వాళ్లకి అందించారు.

ముగ్గురే వెళ్లారు. టైర్లాయన ముందు, ఆమె వెనక, ఆమె వెనక వాచీలాయన. ఆయన్ని ఎవరూ రమ్మనలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

అద్దాల షాపు సగం షట్టరు దించి ఉంది. లోపల బక్కపలచటి మనిషి ఒకడు పెద్ద బల్ల మీద అద్దం పరిచి, స్కేలు ఆనించి గీత గీస్తున్నాడు. చుట్టూ గోడలకి ఆనించిన అద్దాలు. వాళ్లు ముగ్గురూ లోపల అడుగుపెట్టగానే ముప్ఫై మంది వచ్చినట్టయింది.

"ఆదివారం కొలతలు తీసుకోం," అన్నాడతను తలెత్తకుండా.

టైర్లాయన గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు విని బల్ల మీద చెయ్యి ఆగింది. తల మాత్రం లేవలేదు. టైర్లాయన నోరు తెరిచాడు. లారీ టైర్లు ఒంటిచేత్తో దొర్లించే మనిషి, ఒక్క మాటని కదపలేక చెమటలు కక్కుతున్నాడు. చివరికి ఆమె వంక దీనంగా చూశాడు.

ఆమె ముందుకొచ్చింది. "నేను..." అంది. అద్దాల్లోంచి పదిమంది ఆడవాళ్లు ఒక్కసారే నోరు విప్పారు. "కిందివీధి గోల్‌కీపరుని. ఆ రోజు ఎర్రచెప్పుని నేనే లోపలికి జరిపాను. మీ అన్నయ్యగారిది గోలే. మీరు చూసినదాంట్లో తప్పేం లేదు. మోసం నాది. ఆ ముక్క చెబుదామనే మా ఆయనతో వచ్చాను."

అతను గీతని చివరిదాకా గీశాడు. అద్దాన్ని బల్ల అంచుకి జరిపి చిన్నగా ఒక్క నొక్కు నొక్కాడు. అది గీత వెంబడి శుభ్రంగా రెండైంది. రెండు ముక్కల్నీ జాగ్రత్తగా పక్కన ఆనించి, చేతులు తుడుచుకుని, అప్పుడు తలెత్తాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"చెప్పు జరిపావని. నేను గీత దగ్గరే నిలబడ్డాను కదా, బుల్లిబల్లీ. నా పనే అది. నీ బొటనవేలు కదలడం చూశాను. చూసే జెండా ఊపాను."

షాపులో ఉన్న అద్దాలన్నిటిలోనూ టైర్లాయన నోరు తెరుచుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత తమ్ముడితో ఆయన అన్న మొదటి మాట, ముందుగా అనుకున్నవాటిలో ఏదీ కాదు.

"ఎందుకురా?"

అద్దాలాయన అన్న వంక చూశాడు. ఆమె వంక చూస్తే చెవులు ఎర్రబడ్డాయి. ఆఖరున, గుమ్మం దగ్గర భూతద్దం నుదుటి మీదికి తోసుకుని నిలబడ్డ వాచీలాయన వంక కాస్త ఎక్కువసేపే చూశాడు. బల్ల కింద నుంచి షాపులో ఉన్న ఒకే ఒక్క కుర్చీ బయటికి లాగి, గుడ్డతో గాజుపొడి దులిపి, ఆయన ముందు పెట్టాడు.

"చెప్తాను," అన్నాడు. "ముందు మీరు కూర్చోండి బావగారూ."